జేబు టార్చి: పదో నిమిషంలో ఎంత వెలుగు?

టార్చికి ఇంగ్లీషులో ఫ్లాష్‌లైట్ అన్న పేరు ఊరికే రాలేదు. గొట్టం ఆకారంలో ఉండే చేతిదీపం మీద డేవిడ్ మిసెల్ అనే ఆయనకు 1899లో అమెరికాలో పేటెంటు దక్కింది. అప్పటి జింక్-కార్బన్ సెల్లులు కాసేపు కరెంటు ఇవ్వగానే డీలా పడేవి. కార్బన్ తీగ బల్బేమో వచ్చిన కరెంటులో చాలా భాగాన్ని వేడి కింద తగలేసేది. అందుకని బటన్ నొక్కి ఒక మెరుపు మెరిపించి, సెల్లు కోలుకునేదాకా ఆగి మళ్లీ నొక్కేవాళ్లు. ఫ్లాష్ అంటే ఆ మెరుపే.

125 ఏళ్లు దాటాక, జేబులో పట్టే చార్జింగ్ టార్చి కొనేవాళ్లు తిరిగి తిరిగి అదే చోటికి వచ్చారు. డబ్బా మీద 2,000 ల్యూమెన్లు అని ఉంటుంది. ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. బటన్ నొక్కితే నిజంగానే ఎదుటి గోడ పట్టపగల్లా వెలిగిపోతుంది. ఒకటిన్నర నిమిషం తిరిగేసరికి ఆ వెలుగు చెప్పాపెట్టకుండా జారి మూడో వంతుకో నాలుగో వంతుకో దిగుతుంది. టార్చి పాడైందేమో అని కంగారుపడతారు. పాడవలేదు, వేడెక్కింది. చిన్న టార్చి నిలకడగా ఎంత వెలుగు ఇవ్వగలదో తేల్చేవి రెండే: దాని ఒంట్లోంచి వేడి ఎంత వేగంగా బయటికి పోతుంది, దాని కడుపులో ఎంత సెల్లు పట్టింది. ఎల్‌ఈడీలు ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా మంచివే ఉన్నాయి.

వేడి లెక్క

మంచి ఎల్‌ఈడీ, దాన్ని నడిపే మంచి డ్రైవర్ సర్క్యూటు కలిస్తే ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు వస్తాయి. వెలుగు తగ్గించి వాడితే ఇంకాస్త ఎక్కువ, టర్బోలో, అంటే అన్నిటికంటే ఎక్కువ వెలుగిచ్చే మోడ్‌లో, తక్కువ. ఆ లెక్కన 2,000 ల్యూమెన్లకు 20 వాట్ల పైనే కావాలి. అందులో సగానికి మించి, ఎంత కాదన్నా 12, 13 వాట్లు, వేడిగానే మిగులుతుంది. సెల్లు తీసేస్తే 60 గ్రాములు తూగే అల్యూమినియం టార్చి అనుకుందాం. గ్రాము అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.9 జౌళ్లు చాలు, 60 గ్రాములకు 54. సెకనుకు 13 జౌళ్ల వేడి వచ్చి పడుతుంటే ప్రతి నాలుగు సెకన్లకూ ఒక డిగ్రీ ఎక్కుతుంది. 25 డిగ్రీల దగ్గర మొదలైంది నూరు సెకన్లు గడిచేసరికి 50కి చేరుతుంది. అక్కడ ఇక చేత్తో పట్టుకోవడం కష్టం. అందుకే లోపలి సెన్సర్ అంతకంటే ముందే కరెంటు తగ్గించేస్తుంది. తగ్గించని టార్చిని చూసి భయపడాలి.

అదే టార్చిని 300 ల్యూమెన్ల దగ్గర పెడితే ఖర్చు 3 వాట్లు, వేడి 2 వాట్ల చుట్టుపక్కల. ఆ మాత్రం వేడిని చుట్టూ ఉన్న గాలి, పట్టుకున్న చేయి కలిసి లాగేస్తాయి. బల్ల మీద నిలబెట్టిన టార్చి కంటే చేతిలో ఉన్న టార్చి ఎక్కువసేపు నిండు వెలుగు ఇస్తుంది, ఎప్పుడైనా గమనించి చూడండి. వేళ్లలో పారే రక్తం కారు ఇంజన్‌కు రేడియేటర్ నీళ్లు చేసే పనే చేస్తుంది. చాలావరకు జేబు సైజు టార్చిలు, ఎవరు తయారుచేసినవైనా, పది నిమిషాలు గడిచాక 300 నుంచి 500 ల్యూమెన్ల మధ్య ఎక్కడో కుదురుకుంటాయి. బొటనవేలంత వాటికి 150, 200 దక్కితే గొప్ప.

ఇది వినడానికి మోసంలా ఉంటుంది కానీ, కంటికి అంత నష్టమేమీ లేదు. వెలుగు రెట్టింపైతే కంటికి రెట్టింపుగా కనిపించదు. టార్చిల మీద మోజున్నవాళ్లు పాటించే ఒక మోటు లెక్క ప్రకారం, రెండింతలు వెలుగుగా తోచాలంటే ల్యూమెన్లు నాలుగింతలు కావాలి. అంటే 1,200 నుంచి 300కు పడిపోయిన టార్చి కంటికి సగం తగ్గినట్టు ఉంటుంది, అంతే. 1,000 ల్యూమెన్ల టార్చిని, 1,200 ల్యూమెన్ల టార్చిని పక్కపక్కన పెట్టి గోడ మీద వేస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. ఆ 200 ల్యూమెన్ల తేడా కోసం డబ్బాలు పోల్చుకుంటూ కూర్చోవడం దండగ. పాతకాలం 60 వాట్ల తీగ బల్బు గది మొత్తానికీ ఇచ్చింది 800 ల్యూమెన్లే.

డబ్బా మీద ఏం రాస్తారు, ఏం దాస్తారు

2009లో అమెరికాలో టార్చి తయారీదారులు కలిసి ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే కొలతల ప్రమాణం తెచ్చుకున్నారు. అంతకుముందు ఎవరి అంకె వారిదే. ఈ ప్రమాణం మేలు చేసింది, సందేహం లేదు. కానీ దాని నియమాలు చదివితే డబ్బా మీది అంకెలు వేరుగా కనిపిస్తాయి. వెలుగును బటన్ నొక్కిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందన్న లెక్క మాత్రం, ఆ మొదటి వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా సాగుతుంది. 1,000 ల్యూమెన్లతో మొదలై, రెండున్నర నిమిషాలకు 300కు దిగి, ఆ 300 మీదే రెండు గంటలు నడిచిన టార్చి ఉందనుకోండి. దాని మీద ‘1,000 ల్యూమెన్లు, 2 గంటలు’ అని నిక్షేపంగా ముద్రించుకోవచ్చు. అబద్ధం ఒక్కటీ లేదు. చదివినవాడికి మాత్రం రెండు గంటలూ 1,000 ల్యూమెన్లే అనిపిస్తుంది.

అందుకని చూడాల్సింది గ్రాఫు. అడ్డంగా నిమిషాలు, నిలువుగా ల్యూమెన్లు ఉన్న గీత. నిజాయితీ ఉన్న తయారీదారులు దాన్ని తమ మాన్యువల్‌లోనే వేస్తారు. స్వతంత్రంగా పరీక్షించేవాళ్లూ గీసి పెడతారు. ఆ గీత మెట్టులా ఒక్కసారి దిగి, తర్వాత చదునుగా చాలాసేపు సాగిందంటే లోపల మంచి డ్రైవర్ ఉంది. మొదటి నుంచీ కొండవాలులా జారుతూ పోతే సెల్లు వోల్టేజీ తగ్గినకొద్దీ వెలుగూ తగ్గుతోందని అర్థం. గ్రాఫే లేకపోతే, పట్టికలో టర్బో కింద ఉన్న మోడ్ చూడండి. దాన్ని హై అంటారు. ఆ వరసలో రాసిన ల్యూమెన్లే ఆ టార్చి అసలు శక్తికి దగ్గరగా ఉంటాయి.

దూరం అంకె సంగతీ ఇంతే. కాంతిపుంజం ఎంత దూరం వెళ్లాక 0.25 లక్స్‌కు తగ్గుతుందో ఆ దూరాన్నే ప్రమాణం లెక్కలోకి తీసుకుంటుంది. లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత, 0.25 లక్స్ అంటే నిండు పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో మనిషి ఆకారం తెలుస్తుంది, ఎవరో తెలియదు. పోల్చుకునేంత వెలుగు కావాలంటే కనీసం 1 లక్స్ ఉండాలనుకుంటే దూరం సరిగ్గా సగమవుతుంది. కాబట్టి డబ్బా మీద 160 మీటర్లు అంటే 80 అని చదువుకోవడం క్షేమం.

సెల్లే టార్చి

జేబు టార్చి కొలతలను నిర్ణయించేది లోపలి సెల్లు. మిగతాదంతా దాని చుట్టూ తొడిగిన చొక్కా. లిథియం అయాన్ సెల్లు పేరులోనే దాని సైజు ఉంటుంది: 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. 14500 మామూలు పెన్ను సెల్లు (ఏఏ) సైజు. 21700 ఈ నాలుగింటిలో లావుది. 18350 పొట్టిది.

ఇప్పుడు పై లెక్కనే ముందుకు తీసుకెళ్దాం. 3,500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు, సెల్లులో పట్టే చార్జికి కొలత) ఉన్న మంచి 18650లో సుమారు 12.6 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. 300 ల్యూమెన్లకు 3 వాట్లు అనుకున్నాం కాబట్టి నాలుగు గంటలు. 1,000 ఎంఏహెచ్ 14500లో 3.6 వాట్-అవర్లు, గంటా పది నిమిషాలు. 5,000 ఎంఏహెచ్ 21700లో 18 వాట్-అవర్లు, ఆరు గంటలు. బరువు కూడా చూడాలి. 14500 సెల్లు ఒక్కటీ 20 గ్రాముల లోపు, 18650 ఒకటి 47 గ్రాముల చుట్టుపక్కల, 21700 ఒకటి 70. దీనికి టార్చి ఒళ్లు కలపండి. 21700 టార్చి ప్యాంటు జేబులో పెట్టుకుని కూర్చుంటే తొడకు రోకలిబండ కట్టుకున్నట్టు ఉంటుంది. వారం తిరక్కుండా అది సొరుగులోకి చేరడం ఖాయం.

మరి ఏది తీసుకోవాలి? రోజూ ప్యాంటు జేబులో ఉండాల్సినదైతే 14500. దాని అసలు సుగుణం సైజు కాదు. ఈ టార్చిల్లో చాలావాటిలో లిథియం సెల్లు అయిపోతే ఎక్కడైనా దొరికే మామూలు పెన్ను సెల్లు వేసుకోవచ్చు. వెలుగు తగ్గుతుంది, దారి మాత్రం కనిపిస్తుంది. అయితే రెండూ పడతాయని మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. 1.5 వోల్టులకే తయారైన టార్చిలో నిండా చార్జయిన 14500 వేస్తే 4.2 వోల్టులు వెళ్లి సర్క్యూటు మాడిపోతుంది. సైజు ఒకటే కదా అని వేసి టార్చిని చంపుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. చేతిసంచీలోనో కోటు జేబులోనో పెట్టుకునేవాళ్లకు, రాత్రి డ్యూటీలో గంటలకొద్దీ వాడేవాళ్లకు 18650కి సాటి లేదు. 18350 చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, జేబులో కూడా బాగా ఒదుగుతుంది. కానీ లావు 18650ది, శక్తి ఇంచుమించు 14500ది. పెన్ను సెల్లు వేసుకునే వెసులుబాటూ లేదు. అందం కోసం కొనుక్కుంటామంటే సరే.

సెల్లు బయటికి తీయలేని టార్చిలు ఈమధ్య బాగా వస్తున్నాయి, ముఖ్యంగా బిళ్లలా పలచగా ఉండేవి. అవి జేబులో గొట్టం టార్చిల కంటే హాయిగా కూర్చుంటాయి, దొర్లిపోవు. కానీ లిథియం సెల్లు 300 నుంచి 500 సార్లు పూర్తిగా చార్జయ్యేసరికి సుమారు అయిదో వంతు సత్తా పోగొట్టుకుంటుంది. సెల్లు మార్చే వీలుంటే టార్చి పదేళ్లు బతుకుతుంది. వీలు లేకపోతే సెల్లుతో పాటే దానికీ నూకలు చెల్లుతాయి. తాళాల గుత్తికి వేలాడే బుల్లి టార్చి అయితే దీని గురించి బెంగపడనక్కర్లేదు. అంతకంటే పెద్దదానికి మార్చుకునే సెల్లు ఉండాల్సిందే.

9,900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 కనిపిస్తే పక్కన పెట్టేయండి. మంచి పేరున్న తయారీదారుల సెల్లులు ఆ సైజులో 3,500 దగ్గరే ఆగుతాయి, మహా అయితే 4,000. అరచేతిలో ఇమిడే టార్చి లక్ష ల్యూమెన్లు ఇస్తుందన్నా అంతే. వాటుకు 100 లెక్కన దానికి 1,000 వాట్లు కావాలి. అది ఇస్త్రీ పెట్టె అవుతుంది, టార్చి కాదు.

వెలుగు ఎక్కడ పడుతుంది

ఫోనులో లైటు ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న సహజమే. ఫోను ఎల్‌ఈడీ సాధారణంగా 50 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇస్తుంది. దానికి వెలుగును ముందుకు మళ్లించే అద్దం గిన్నె (రిఫ్లెక్టర్) ఉండదు కాబట్టి వెలుగు అన్ని వైపులకూ చిందిపోతుంది. నడిమధ్య తీవ్రత, అంటే ఒక దిశలో వెళ్లే వెలుగు బలం, 16 క్యాండెలాలు దాటదు. పై ప్రమాణం లెక్కలో దూరం తెలియాలంటే క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణించాలి. అంటే 8 మీటర్లు. 1,000 ల్యూమెన్లకు 5,000 క్యాండెలాలు ఇచ్చే మామూలు జేబు టార్చిని అదే 50 ల్యూమెన్ల మోడ్‌లో పెడితే 250 క్యాండెలాలు, సుమారు 32 మీటర్లు. వెలుగు అంతే ఉంది, దాన్ని కూడగట్టడంలోనే తేడా అంతా. పైగా, బావిలోకో డ్రైనేజీ గుంటలోకో తొంగిచూడ్డానికి ఫోను వంచి పట్టుకోవడం ఎంత గుండెదడో చేసినవాళ్లకే తెలుసు.

ఎంత కూడగట్టాలన్నది అద్దం గిన్నె వెడల్పును బట్టి, ఎల్‌ఈడీ ఎంత చిన్నగా, ఎంత తీక్షణంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. జేబు టార్చి మూతి 20 నుంచి 25 మిల్లీమీటర్లు మించదు కాబట్టి దానితో కిలోమీటరు దూరం కొట్టించాలనుకోవడం అత్యాశ. అలా బలవంతంగా దూరం లాగే బుల్లి టార్చిల్లో మధ్యన నాణెమంత చుక్క, చుట్టూ చీకటి ఉంటాయి. మెట్లు దిగుతుంటే ఆ చుక్క ఒక మెట్టునే చూపిస్తుంది. రోజువారీ పనులు మూరెడు దూరం నుంచి ఇరవై ముప్ఫై మీటర్ల లోపు జరిగేవే. సీటు కింద పడిన స్క్రూ, ఫ్యూజు డబ్బా, గేటు తాళం, దారిలో గుంట. వీటికి మధ్యలో మెత్తటి వెలుగు, అంచుల దాకా పరుచుకునే పలచటి వెలుగు కలిసి ఉండాలి. గిన్నె లోపలి తలం నారింజ తొక్కలా గరుకుగా ఉన్నా, గిన్నెకు బదులు గాజులాంటి ప్లాస్టిక్ కటకం ఉన్నా ఈ మెత్తదనం వస్తుంది. అద్దంలా నున్నగా ఉన్న గిన్నె దూరానికి మంచిది, దగ్గరి పనికి కళ్లు చెదురుతాయి. ముందుకూ వెనక్కూ జరిపి చుక్కను చిన్నదీ పెద్దదీ చేసే జూమ్ టార్చిలు చూడ్డానికి సరదాగా ఉంటాయి. వాటిలో జరిగే కీలు దగ్గరే నీళ్లూ దుమ్మూ దూరతాయి, వెలుగులో కొంత లోపలే వృథా అవుతుంది.

రంగు

ఇది డబ్బా మీద పెద్దగా కనిపించని అంకె. వాడుకలో అన్నిటికంటే ముందు తెలిసిపోయేదీ ఇదే. టార్చి వెలుగులో అరచెయ్యి చూసుకోండి. చవక ఎల్‌ఈడీ నీలం కలిసిన తెలుపులో చెయ్యి రక్తం లేనట్టు పాలిపోయి ఉంటుంది. రంగులు సరిగా చూపే ఎల్‌ఈడీ కింద వేలి కొసల ఎరుపు, గీతల్లో ముదురు, గోటి కింద గులాబీ విడివిడిగా తెలుస్తాయి. ఇది వట్టి సోకు వ్యవహారం కాదు. ఎర్ర వైరు, గోధుమ వైరు పక్కపక్కన ఉన్న పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడు, కారింది నూనో నీళ్లో రక్తమో చూసుకోవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

దీన్ని కొలిచేది సీఆర్‌ఐ. 100 అంటే ఎండలో కనిపించినట్టే. మామూలు టార్చి ఎల్‌ఈడీలు 70 దగ్గర ఉంటాయి, మంచివి 90 దాటుతాయి. ఇందులోనూ ఒక కిటుకు ఉంది. ఈ సగటును ఎనిమిది లేత రంగుల మీదే కడతారు. ముదురు ఎరుపును ఆర్9 అనే వేరే అంకెతో చూపుతారు. సగటు బాగుండి ఎరుపు అధ్వాన్నంగా ఉన్న ఎల్‌ఈడీలూ ఉన్నాయి. నిచియా కంపెనీ 519ఏ లాంటివి ఎరుపును కూడా బాగా చూపడం వల్లే టార్చి ప్రియుల్లో పేరు తెచ్చుకున్నాయి. రంగు ఉష్ణోగ్రత సంగతికొస్తే 6,500 కెల్విన్లు చలివెలుగు, 4,000 నుంచి 5,000 మధ్య కంటికి హాయి, 2,700 తీగ బల్బు పసుపు. వానలో, పొగమంచులో నీలం తెలుపు తెరలా అడ్డుపడినట్టుంటుంది. రంగులు బాగా చూపే ఎల్‌ఈడీ తీసుకుంటే అదే కరెంటుకు ల్యూమెన్లు అయిదో వంతుకు అటూ ఇటూగా తగ్గుతాయి. కంటికి ఆ తగ్గుదల ఆనదని ముందే అనుకున్నాం కదా. పోయేది అంకె, వచ్చేది చూపు. ఇది లాభసాటి బేరమే.

బటన్, మోడ్లు, జేబు

టార్చి కొన్న ఆర్నెల్లకు ల్యూమెన్లు గుర్తుండవు, బటనే గుర్తుంటుంది. చీకట్లో, నిద్రమత్తులో, ఒక చేత్తో సంచి పట్టుకుని రెండో చేత్తో నొక్కినప్పుడు ఏం వెలుగుతుందన్నదే ప్రశ్న. పక్కన ఎవరో పడుకుని ఉండగా మంచం దిగి టార్చి వేస్తే 1,000 ల్యూమెన్లు గుప్పుమంటే ఇల్లంతా లేస్తుంది. పైగా చీకటికి అలవాటుపడిన కళ్లు తిరిగి అలవాటుపడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. అందుకే 1 ల్యూమెన్ కంటే తక్కువ ఇచ్చే మిణుగురు మోడ్ ఉండాలి. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే అది నేరుగా వెలగాలి. రెండుసార్లు టకటకా నొక్కితే టర్బో. మామూలు నొక్కుడుకు కిందటిసారి వాడిన మోడ్. ఈ మూడూ ఉంటే చాలు. స్ట్రోబ్ (టకటకా మెరిసే వెలుగు), ఎస్‌ఓఎస్ లాంటివి ఉంటే ఉన్నాయి, మామూలు మోడ్ల వరసలో మాత్రం రాకూడదు. హై నుంచి లో మోడ్‌కు రావాలంటే మధ్యలో కళ్లు బైర్లు కమ్మే స్ట్రోబ్ దాటాల్సి వచ్చే టార్చిని ఎంత చవకైనా కొనొద్దు.

తక్కువ మోడ్లలో ఇంకో తనిఖీ ఉంది. వెలుగు తగ్గించడానికి కొన్ని సర్క్యూట్లు ఎల్‌ఈడీని సెకనుకు కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. ఫోను కెమెరాతో చూస్తే నల్ల చారలు పాకుతుంటాయి. కొందరికి దానితో తలనొప్పి వస్తుంది. కరెంటునే తగ్గించి నడిపే సర్క్యూటు అయితే చారలు ఉండవు, సెల్లూ ఎక్కువసేపు వస్తుంది.

బటన్ వెనకవైపు ఉండి టక్కుమని నొక్కుకునేదైతే అది నిజంగా తీగను తెంచుతుంది, ఆపి ఉంచితే ఒక్క చుక్క కరెంటు కూడా పోదు. పక్కన ఉండే మెత్తటి ఎలక్ట్రానిక్ బటన్ నొక్కు కోసం ఎప్పుడూ కాస్త మేలుకునే ఉంటుంది. ఆ మెలకువకు 50 మైక్రోఆంపియర్లు ఖర్చయితే ఏడాదికి 438 ఎంఏహెచ్. 18650లో అది ఎనిమిదో వంతు. 14500లో దాదాపు సగం. సొరుగులో ఏడాది పడుకున్న బుల్లి టార్చి అవసరానికి వెలగకపోతే దాన్ని తిట్టి లాభం లేదు.

జేబులో దానంతటదే వెలగడం అసలు ప్రమాదం. కుర్చీలో కూర్చున్నప్పుడు తాళంచెవి బటన్‌ను నొక్కుతుంది, గుడ్డ మీద ఆనిన మూతిలోంచి వేడి బయటికి పోదు. ఆ మూతి ముందు నల్లగుడ్డ పెట్టి టర్బో వేస్తే కొద్ది క్షణాల్లోనే పొగ వాసన వస్తుంది. కాబట్టి బటన్ చుట్టూ గట్టు ఉండాలి, లేదా బటన్ ఒంటికి సమంగా లోపలికి దిగి ఉండాలి. నాలుగు నొక్కులకో ఆరు నొక్కులకో తాళం పడే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. దానికంటే నమ్మకమైంది మొరటు పద్ధతి: వెనక మూతను పావు చుట్టు వదులు చేయడం. మూత తిప్పే మరల మీద కరెంటు పారనివ్వని ఆనొడైజ్ పూత ఉన్న టార్చిల్లో అంత వదులు చేయగానే సర్క్యూటు తెగిపోతుంది. కొనేటప్పుడు ఈ ఒక్కటీ చేసి చూడొచ్చు. వెలుగుతుండగా మూత కొద్దిగా తిప్పితే ఆరిపోవాలి.

క్లిప్పు గట్టిగా ఉండాలి, లోతుగా దిగాలి. రెండు వైపులా కొక్కెం ఉన్న క్లిప్పయితే టోపీ అంచుకు తగిలించి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. వెనక అయస్కాంతం ఉంటే కారు బానెట్ కింద అతికించుకోవచ్చు. కాకపోతే గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు అలాంటిదాన్ని చొక్కా జేబులో పెట్టుకోకూడదు.

చార్జింగ్

ఒక్కో టార్చికి ఒక్కో అయస్కాంతపు తీగ ఇచ్చే పద్ధతి ఉంది. టక్కుమని అతుక్కుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, రంధ్రం లేదు కాబట్టి నీళ్ల భయమూ లేదు. ఆ తీగ పోయిననాడు మాత్రం టార్చి ఉన్నా లేనట్టే. యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నదే జేబు టార్చికి సరి. అందులోనూ ఒక మెలిక. కొన్ని చవక టార్చిలు రెండు కొసలా సి ఉన్న తీగతో, ఫోను చార్జర్‌తో అసలు చార్జవవు. పాతరకం వెడల్పాటి పిన్ను ఉన్న తీగతో మాత్రమే అవుతాయి. కారణం రంధ్రం దగ్గర ఉండాల్సిన 5.1 కిలో-ఓమ్ రెసిస్టర్లు రెంటిని మిగుల్చుకోవడం. అవి లేకపోతే అవతల ఏదో పరికరం తగిలిందని చార్జర్‌కు తెలియదు, కరెంటు వదలదు. పైసాల్లో పోయే భాగాన్ని మిగుల్చుకున్న తయారీదారు ఇంకెక్కడెక్కడ మిగుల్చుకున్నాడో అన్న అనుమానం న్యాయమైనదే.

విడి సెల్లు దగ్గర ఉంచుకుంటే ప్లాస్టిక్ డబ్బీలో పెట్టాలి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో ఊరికే వేస్తే రెండు కొసలూ కలిసి షార్టయి నిప్పంటుకోవచ్చు. విమానంలో విడి లిథియం సెల్లులను చేతి సామానులోనే తీసుకెళ్లనిస్తారు, లగేజీలో వేయకూడదు. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జితో చల్లటి చోట పెట్టండి. నిండా చార్జిచేసి ఎండలో నిలిపిన కారులో వదిలేయడం సెల్లును ముసలిదాన్ని చేసే దగ్గరిదారి. గడ్డకట్టే చలిలో, సున్నా డిగ్రీల కింద, వాడొచ్చు కానీ చార్జింగ్ పెట్టకూడదు.

నీటి సంగతి రెండు ముక్కల్లో. టార్చి ఎంత నీటిని తట్టుకుంటుందో ఐపీ గుర్తులు చెబుతాయి: ఐపీఎక్స్4 చినుకులకు, ఐపీఎక్స్7 మీటరు లోతు నీళ్లలో అరగంటకు, ఐపీ68 దుమ్ముతో సహా అంతకు మించి. జేబు టార్చికి ఐపీఎక్స్7 సరిపోతుంది. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు బిళ్ల సరిగ్గా మూసుకోకపోతే మాత్రం ఈ అంకెలన్నీ కాగితం మీదే. మూత దగ్గరి రబ్బరు రింగు ఎండిపోతే ఒక బొట్టు సిలికాన్ గ్రీజు రాయాలి.

కొని తెచ్చాక, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే, ఒక రాత్రి ఖాళీ చేసుకుని పరీక్షించడం మంచిది. నిండా చార్జింగ్ పెట్టి, మధ్యమధ్య ముట్టుకుని చూడండి. గోరువెచ్చదనం మామూలే, చుర్రుమంటే మామూలు కాదు. తర్వాత గదిలో లైట్లు ఆర్పేసి టార్చిని నేల మీద నిలబెట్టి కప్పు మీదికి టర్బో వేయండి. కప్పు మీద పడి తిరిగొచ్చే వెలుగులో ఒక పేజీ చదువుతూ గడియారం దగ్గర పెట్టుకోండి. మొదటిసారి వెలుగు దిగిన నిమిషం రాసుకోండి. పదో నిమిషంలోనూ ఆ పేజీ ఇబ్బంది లేకుండా చదవగలుగుతుంటే టార్చి ఉంచుకోండి.